గోలకొండ దుర్గారోహణం – కొన్ని చారిత్రక విశేషాలు

గోలకొండను చూడనివాడు హైదరాబాదులో అరుదు. గోలకొండను చదివినవాడు అంతకంటె అరుదు. సెలవు రోజున వేలాది మంది ఆ మెట్లెక్కుతారు, బారాదరి మీద గాలి పీల్చుకొంటారు, క్రింద చప్పట్లు కొట్టి పైన విని సంతోషిస్తారు, దిగిపోతారు. ఆ కొండ క్రింద 1687వ సంవత్సరంలో ఏడున్నర నెలల పాటు ఎటువంటి పోరాటం జరిగిందో, ఆ గోడలు ఎందుకలా వంకరలు తిరిగి ఉన్నాయో, ఆ ద్వారం ఎదుట అడ్డుగోడ ఎందుకున్నదో అడిగేవారు కొద్దిమంది. ఈ లోపాన్ని కొంతవరకైనా తీర్చుకోవాలనే సంకల్పంతో మా కళాశాల ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు నలభై ఇద్దరు, అధ్యాపకులం నలుగురం శీతకాలంలో ఒక ఆదివారం నాడు గోలకొండ దుర్గాన్ని ఎక్కివచ్చాము. ఆనాడు చూచినవీ, తెలుసుకొన్నవీ ఈ వ్యాసంలో పొందుపరుస్తున్నాము. రానున్న సంవత్సరాలలో వెళ్ళబోయే విద్యార్థులకు ఇది కొంత దారి చూపగలదని మా ఆశ.

కొండ – కోట

దక్కను పీఠభూమి గ్రానైటు శిలామయం. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి ఈ శిల ఎండకు, వానకు పగుళ్ళు తీసి, మూలలు అరిగి, ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే గుండ్రాళ్ళుగా మారింది. హైదరాబాదు చుట్టుప్రక్కల ఏ గుట్టను చూచినా ఈ దృశ్యమే. గోలకొండ అటువంటి ఒక గుట్ట. చుట్టూ ఉన్న నేల కంటె సుమారు 400 అడుగుల ఎత్తు. పర్వతాలను ఎక్కినవారికి ఇది లెక్కలోనిది కాదు. కాని బల్లపరుపు నేల మధ్య ఒంటరిగా నిలిచిన గుట్టకు ఆ ఎత్తే చాలు. పైన నిలిచినవాని కంటికి నాలుగు దిక్కులా మైళ్ళ కొలది భూమి కనబడుతుంది. కోట కట్టదలచినవానికి కావలసినది ముందుగా ఈ చూపు.

గొల్లలు పశువులు మేపుకొన్న కొండ కాబట్టి గొల్లకొండ అయినదనీ, అదే గోలకొండగా మారిందనీ వాడుక. కాకతీయుల కాలంలో ఇక్కడ మట్టికోట ఉండేదని చెబుతారు. 1363లో ముసునూరి కాపయనాయకుడు దీనిని బహమనీ సుల్తానుకు వదలుకొన్నాడు. బహమనీల తరపున తిలంగ్ ప్రాంతాన్ని పాలించిన సుల్తాన్ కులీ 1518 నుండి స్వతంత్రుడైనట్లు చరిత్రకారులు లెక్కిస్తారు. అతడూ, అతని కుమారుడు ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) ఈ కోటను రాతికోటగా తీర్చిదిద్దారు. ఇబ్రహీం సింహాసనం ఎక్కక పూర్వం ఏడు సంవత్సరాలు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. తెలుగు కవులు అతనిని మల్కిభరాముడని పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆ సుల్తానుకే అంకితమిచ్చాడు. కుతుబ్ షాహీల ఫర్మానాలలో కొన్ని పారసీకంలోను, తెలుగులోను కలిపి వ్రాయబడ్డాయి. ఉర్దూ, తెలుగు శాఖలు ఒకే కప్పు క్రింద ఉన్న మా కళాశాలకు ఈ కోటతో గల చుట్టరికం ఇంతటిదని విద్యార్థులకు బస్సులోనే చెప్పాము.

గోడలను చదవడం

కోటకు మూడు ప్రాకారాలున్నాయి. వెలుపలిది పట్టణాన్ని చుట్టిన గోడ. దాని చుట్టుకొలత సుమారు 7 కిలోమీటర్లు. అందులో 87 బురుజులు, 8 ద్వారాలు కలవు. రెండవది కొండ పాదాన్ని చుట్టినది. మూడవది పైభాగాన సహజమైన గుండ్లను కలుపుకొంటూ పోయినది. ఈ మూడవ గోడను శ్రద్ధగా గమనించిన విద్యార్థికి ఒక సంగతి తెలుస్తుంది. కట్టినవారు కొండను చదును చేయలేదు. పెద్ద గుండు ఉన్నచోట గుండునే గోడగా వాడుకొన్నారు, గుండ్ల మధ్య సందులను మాత్రమే రాళ్ళతో మూసివేశారు. అందువల్ల శ్రమ తగ్గింది, బలం పెరిగింది. ఫిరంగి గుండు తగిలినా కదలని గోడను ప్రకృతి ముందే కట్టి పెట్టింది.

మేము ఫతే దర్వాజా నుండి లోపలికి వెళ్ళాము. ఈ పేరుకు విజయద్వారమని అర్థం. మొగలు సైన్యం ఇక్కడి నుండి ప్రవేశించినందువల్ల ఆ పేరు వచ్చింది. తలుపులకు వెలుపలివైపు కొట్టిన ఇనుప మొలలు విద్యార్థులందరినీ ఆకర్షించాయి. ఆ కాలంలో కోట తలుపులను పగులగొట్టడానికి ఏనుగులను తరిమేవారు. ఏనుగు నుదురు ఆనించకుండా ఈ మొలలు. బాలా హిస్సార్ ద్వారం ఎదుట ఉన్న అడ్డుగోడ కూడా ఇందుకే. ఏనుగు బలం దాని పరుగులో ఉన్నది. ద్వారం ముందు మలుపు పెడితే పరుగుకు చోటుండదు. పరుగు లేని ఏనుగు గోడపైనున్న విలుకానికి పెద్ద గురి మాత్రమే.

ఇదే ద్వారం క్రింద, గుమ్మటం కప్పు నడుమ నిలిచి చప్పట్లు కొడితే కొండ కొమ్మునున్న బారాదరిలో వినబడుతుంది. గుమ్మటపు వంపు ధ్వనిని చెదరనీయక ఒకచోట కూర్చి పైకి పంపడమే దీని కిటుకు. రెండడుగులు ప్రక్కకు జరిగి కొట్టిన చప్పుడు పైకి అంత స్పష్టంగా చేరదు. మా విద్యార్థులు రెండు జట్లుగా విడిపోయి దీనిని పరీక్షించి చూచారు. వినోదంగా కనిపించే ఈ ఏర్పాటు ఒకనాడు కాపలాదారుల సంకేతంగా పనికివచ్చిందని చెబుతారు. అర్ధరాత్రి ద్వారం వద్ద అలజడి అయితే పైనున్నవారికి కబురు చేర్చడానికి మనిషి పరుగెత్తనక్కరలేదు.

పైకి పోయే దారి

మెట్లు మూడు వందల అరవైకి పైగా ఉన్నాయి. ఎత్తు తక్కువే అయినా మెట్లు ఒక తీరున లేవు. కొన్ని జానెడు, కొన్ని మోకాలెత్తు. ఎక్కేవాని ఊపిరి ఒక లయకు చేరకుండా కట్టినట్లుంటాయి. కత్తి, డాలు, కవచం మోసుకొని, పైనుండి రాళ్ళు దొర్లుతూ ఉండగా ఈ దారిన ఎక్కవలసిన సైనికుని ఊహించుకొమ్మని విద్యార్థులతో అన్నాము. అప్పటివరకు పోటీపడి పరుగెత్తిన కుర్రవాళ్ళు మాట మాని మెట్లకేసి చూచారు.

దారి ప్రక్కన నీటి తొట్టెలు అంచెలంచెలుగా కనబడతాయి. కొండపై కోటకు ప్రథమ శత్రువు దాహం. ఎంత ధాన్యమున్నా నీరు లేనిదే ముట్టడిని తట్టుకోవడం అసంభవం. క్రింది తొట్టె నుండి మోటచక్రాల సహాయంతో పై తొట్టెకు, అక్కడి నుండి ఇంకా పైదానికి నీటిని ఎక్కించి, మరల మట్టిగొట్టాల ద్వారా మహళ్ళకు, తోటలకు వదిలేవారు. గోడలలో ఇమిడిన ఆ మట్టిగొట్టాల ముక్కలు ఇప్పటికీ అక్కడక్కడ కానవస్తాయి. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు వీటివద్ద చాలసేపు ఆగారు.

కొంత పైకి పోగానే అంబర్‌ఖానా. ఇది ధాన్యాగారం. 1642లో అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో దీనిని కట్టినట్లు తెలిపే పారసీక శాసనం ఉన్నది. ఉర్దూ శాఖ విద్యార్థులు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొంటూ సుల్తాను పేరు చదివినప్పుడు తెలుగు శాఖవారు కరతాళధ్వనులు చేశారు. ఆ ప్రక్కనే గోడల మీద మేకులతోను, బొగ్గుతోను గీకిన పేర్లు కూడ ఉన్నాయి. అవి ఉర్దూలో ఉన్నాయి, తెలుగులో ఉన్నాయి, ఇంగ్లీషులోనూ ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో భాషాభేదం లేకపోవడం మనం గర్వించదగినది కాదు. సుల్తాను ఒక శాసనం వేయించుకోవడానికి ధాన్యాగారం కట్టించాడు. మనవాళ్ళు ఏమీ కట్టకుండానే శాసనాలు వేస్తున్నారు.

రామదాసు బందీఖానా అని పేరొందిన గదిని అందరూ మౌనంగా చూచారు. భద్రాచల రామాలయం నిర్మించిన కంచర్ల గోపన్న, సర్కారు సొమ్ము వాడినాడన్న అభియోగంపై పండ్రెండేండ్లు ఇక్కడ బందీగా ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. గోడపై శిలలో మలచిన మూర్తులు ఆయన చేతివే అని భక్తుల విశ్వాసం. ఇంకా పైకి పోతే ఒక మసీదు, దాని సమీపంలోనే గుండ్ల నడుమ జగదంబా మహంకాళి ఆలయం. ప్రతి ఆషాఢంలో జంటనగరాల బోనాలు మొదలయ్యేది ఈ కొండ మీదనే. కొమ్మున బారాదరి. మేము అక్కడికి చేరేసరికి పదిన్నర కావచ్చింది. అక్కడ చతికిలబడి, తెచ్చుకొన్న పులిహోర, ఖీమా రొట్టెలు పంచుకొని తిన్న తరువాత 1687 ముట్టడి కథను చెప్పుకొన్నాము. యుద్ధభూమిని పైనుండి చూస్తూ యుద్ధాన్ని గురించి వినడం ఎంత మేలో అప్పుడు తెలిసింది.

ముట్టడికి ముందు

గోలకొండపై మొగలుల దృష్టి ఒకనాటిది కాదు. 1636లో అబ్దుల్లా కుతుబ్ షా షాజహానుకు లోబడి, ఏటా రెండు లక్షల హొన్నుల కప్పం చెల్లించడానికి ఒప్పుకొన్నాడు. 1656లో యువరాజుగా ఉన్న ఔరంగజేబు ఈ కోటను ముట్టడించాడు కాని తండ్రి ఆజ్ఞ మేరకు సంధి చేసుకొని మరలవలసి వచ్చింది. ఆ అనుభవంతో గోలకొండవారు రెండు పనులు చేశారు. కోటకు చేరువగా ఉన్న ఎత్తయిన గుట్ట శత్రువు ఫిరంగులకు పీట కాకుండా దానిని కూడ గోడతో చుట్టి నయా ఖిల్లా అన్నారు. తరువాత మూసాబురుజు నిర్మించారు. పై నుండి చూస్తే నయా ఖిల్లా గోడ ప్రధాన ప్రాకారం నుండి మోచేయి చాచినట్లు ముందుకు పొడుచుకొని కనబడుతుంది. పటంలో అర్థం కాని ఆకారం కొండ మీది నుండి చూచిన క్షణంలో అర్థమైంది.

1672లో సింహాసనానికి వచ్చిన అబుల్ హసన్ కుతుబ్ షాను ప్రజలు తానీషా అన్నారు. అంతకు పూర్వం షా రాజూ అనే సూఫీ గురువు శిష్యుడుగా జీవించినవాడతడు. అతని కాలంలో మాదన్న ప్రధానమంత్రి, అన్న అక్కన్న సేనావ్యవహారాలలో ప్రముఖుడు. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చి తానీషాతో మైత్రి చేసుకొన్నాడు. ఈ మైత్రి, మాదన్న పలుకుబడి, కప్పం బకాయిలు, గోలకొండ సంపద – అన్నీ కలిసి ఔరంగజేబుకు కారణాలైనాయి. 1685లో మొగలు సైన్యం హైదరాబాదు నగరాన్ని ఆక్రమించగా సుల్తాను కోటలో తలదాచుకొన్నాడు. 1686లో దర్బారులోని ఒక వర్గం అక్కన్న మాదన్నలను వీధిలో హత్య చేయించింది. మంత్రులను బలి యిస్తే చక్రవర్తి శాంతిస్తాడనుకొన్నారు. అదే సంవత్సరం సెప్టెంబరులో బిజాపూరు పడిపోయింది. కొద్ది నెలలకే చక్రవర్తి స్వయంగా గోలకొండకు కదలి వచ్చాడు.

226 రోజులు

1687 ఫిబ్రవరి 7న ముట్టడి ఆరంభమైంది. ఆరంభ దినాలలోనే మొగలు సేనాని కులీచ్ ఖాన్ ఫిరంగి దెబ్బకు గురియై మరణించాడు. ఈయన మనుమడే తరువాత 1724లో దక్కనులో అసఫ్ జాహీ పాలనకు పునాది వేసిన నిజాముల్ ముల్క్. అదే నెలలో చక్రవర్తి కుమారుడు షా ఆలం, తానీషాతో రహస్యంగా ఉత్తరాలు నడుపుతున్నాడన్న నేరంపై తండ్రి ఆజ్ఞతోనే బంధితుడైనాడు.

ముట్టడి అంటే ఊరక చుట్టుముట్టి కూర్చోవడం అనుకొంటారు. నిజానికి అది నెమ్మదిగా సాగే ఇంజనీరింగు. గోడపై నుండి వచ్చే గుండ్లు తగలకుండా కందకాలు త్రవ్వుతూ దగ్గరికి జరగాలి. మట్టిదిబ్బలెత్తి వాటిపై ఫిరంగులు నిలపాలి. కోట చుట్టూ ఉన్న అగడ్తను మట్టిసంచులతో పూడ్చాలి. ఔరంగజేబు వజూ చేసుకొని మొదటి సంచిని స్వహస్తాలతో కుట్టాడని ఖాఫీఖాన్ తన గ్రంథం ముంతఖబుల్ లుబాబ్‌లో వ్రాశాడు. పగలు పూడ్చినదానిని కోటలోనివారు రాత్రి చెరిపేవారు. మే నెలలో ఒక చీకటి రాత్రి సేనాని ఫిరోజ్ జంగ్ నిచ్చెనలు వేయించి గోడనెక్కించాడు. కులీచ్ ఖాన్ కుమారుడే ఈ ఫిరోజ్ జంగ్. పైకి చేరిన కొద్దిమందిని చూచి కుక్క ఒకటి మొరగడంతో కాపలావారు లేచి నిచ్చెనలను త్రోసివేశారట. ఆ కుక్కకు తానీషా బంగారు గొలుసు వేయించాడని ఖాఫీఖాన్ వ్రాత.

జూన్ నెలలో సొరంగాల యత్నం జరిగింది. బురుజు క్రింద సొరంగం త్రవ్వి, మందుగుండు నింపి, వెలుపలి నుండి నిప్పు పెట్టడం ఆనాటి పద్ధతి. లోపలివారు ఆ జాడ కనిపెట్టి, తమవైపు నుండి ఎదురు సొరంగం త్రవ్వి, కోటవైపునున్న మందును కొంత తీసివేసి, కొంత నీటితో తడిపివేశారు. పేలుడు ఎప్పుడూ అడ్డు తక్కువ ఉన్నవైపుకే పోతుంది. నిప్పు పెట్టగానే మందు కోటవైపు పేలక వెనుకకు, దాడికి సిద్ధంగా నిలిచిన మొగలు సైనికుల మీదికే పేలింది. వందల కొలది చనిపోయారు. తరువాత కుండపోత వానలు. మంజీర పొంగి ధాన్యం రాక ఆగిపోయింది. శిబిరంలో కరువు, రోగాలు. లోపల ధాన్యం, నీరు, మందుగుండు సమృద్ధిగా ఉన్నాయి. ఒక దాడిలో చేజిక్కిన మొగలు ప్రముఖులను తానీషా గౌరవించి, తన ధాన్యాగారాలను, మందుగుండు కొట్లను చూపించి పంపించివేశాడని చరిత్ర చెబుతున్నది. ఇంకెన్నాళ్ళయినా నిలువగలమని దాని భావం. అంబర్‌ఖానా చూచివచ్చిన మా విద్యార్థులకు ఈ మాట నమ్మడం కష్టం కాలేదు.

ఫిరంగులకు, సొరంగాలకు, నిచ్చెనలకు లొంగని కోట చివరకు ఒక చిన్న తలుపునకు లొంగింది. అబ్దుల్లా ఖాన్ పనీ అనే అఫ్ఘను సైనికాధికారి కోటలో ఉండేవాడు. అతడు బిజాపూరును విడిచి మొగలులలో చేరినవాడు, మొగలులను విడిచి గోలకొండలో చేరినవాడు. లంచం పుచ్చుకొని 1687 సెప్టెంబరు 21న తెల్లవారక మునుపే ఖిడ్కీ తలుపు తెరిపించాడు. రూహుల్లా ఖాన్ నాయకత్వాన కొద్దిమంది లోనికి దూరి పెద్ద ద్వారం తీశారు. సైన్యం వరదలా ప్రవేశించింది.

ఆ క్షణాన ఎదురు నిలిచినవాడు అబ్దుర్రజాఖ్ లారీ. ఈయన ఇరాన్ దేశస్థుడు. అంతకుముందు ఔరంగజేబు పెద్ద మన్సబు ఇస్తానని పంపిన లేఖను సైనికుల ఎదుట చించివేసినవాడు. పడక నుండి లేచి, జీను కూడ కట్టని గుఱ్ఱమెక్కి, కొద్దిమంది అనుచరులతో ద్వారంకేసి దూసుకుపోయాడు. సుమారు డెబ్బయి గాయాలతో ఒక చెట్టు క్రింద పడి ఉండగా దొరికాడు. చక్రవర్తి అతనికి వైద్యం చేయించి బ్రతికించాడు. కోలుకొన్నాక చాలకాలం నిరాకరించి, కడకు మొగలు కొలువులో చేరాడు. తానీషా మాత్రం ధైర్యం చెడక, శాంతంగా అతిథులను ఆదరించి, తాను భోజనం ముగించి బయలుదేరాడని ఖాఫీఖాన్ వర్ణన. దౌలతాబాదు కోటలో సుమారు పండ్రెండేండ్లు ఖైదులో ఉండి అక్కడే కన్నుమూశాడు. కుతుబ్ షాహీ సుల్తానులలో గోలకొండ సమాధుల వనంలో నిద్రించనివాడు ఇతడొక్కడే.

ఒక ప్రశ్న

ఇంతవరకు విన్న తరువాత ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు లేచి, "సార్, ఈ యుద్ధంలో మనం ఎవరి పక్షం?" అని అడిగాడు. కొందరు నవ్వారు. మేము నవ్వలేదు. ఆ ప్రశ్న ఈనాడు చాలమంది నోట వినబడుతున్నది కాబట్టి దానికి తీరికగా సమాధానం చెప్పవలసి ఉన్నది.

చరిత్రను రెండు మతాల కుస్తీగా చూడడం అలవాటైన కంటికి గోలకొండ ముట్టడి లొంగదు. ముట్టడించినవాడు ముసల్మాను, ముట్టడికి గురియైనవాడు ముసల్మాను. ఒకరు సున్నీ, ఒకరు షియా. సాటి ముసల్మాను రాజ్యాలపై కత్తి దూయడం ధర్మసమ్మతం కాదని చెప్పి మొగలు ప్రధాన కాజీ షేఖుల్ ఇస్లాం అంతకుముందే పదవి వదలుకొన్నాడు. గోలకొండ పాలనను నడిపినవారు హనుమకొండకు చెందిన బ్రాహ్మణ సోదరులు. వారిని చంపించినది గోలకొండ దర్బారు. మొగలు జెండా క్రింద రాజపుత్రులు కూడ పోరాడారు. గోలకొండ కోసం ప్రాణం ఒడ్డినవాడు ఈ నేలపై పుట్టనివాడు, ఈ భాష మాతృభాష కానివాడు. తలుపు తీసినవాడు ఆ కోట ఉప్పు తిన్నవాడు. మతం పేర, కులం పేర, పుట్టిన ఊరి పేర మనుష్యులను ముందే రెండు వరుసలలో నిలబెట్టి, ఒక వరుస మనది, రెండవది పరాయిది అనుకొనేవానికి ఈ కొండ మీద ఏ వరుసా నిలువదు.

మరి పక్షమే లేదా? ఉన్నది. అది మనిషి చేసిన పనిని బట్టి ఏర్పడేది. కాజీ పదవి కంటె మనస్సాక్షిని గొప్పగా ఎంచినప్పుడు మనం అతని పక్షం. మంత్రులను బలి యిచ్చి ప్రాణాలు దక్కించుకోజూచినప్పుడు గోలకొండ దర్బారుకు మనం వ్యతిరేకులం. డెబ్బయి గాయాల శత్రువుకు వైద్యులను పంపినప్పుడు చక్రవర్తిని మెచ్చుకొంటాము. ధనం పుచ్చుకొని తలుపు తీసినవానిని ఏ పేరు పెట్టుకొన్నా మెచ్చుకోలేము. ఇలా తూచడం కష్టమే. ఒక్కొక్క మనిషిని విడిగా చూడాలి, ఆధారాలు వెదకాలి, ఒకే మనిషిలో మంచినీ చెడునూ ఒప్పుకోవాలి. అయినా చరిత్ర విద్యార్థి చేయవలసిన పని ఇదే. ప్రశ్న అడిగిన విద్యార్థి తృప్తి పడినట్లు కనిపించలేదు. దిగేటప్పుడు దారి పొడుగునా మిత్రులతో వాదిస్తూనే ఉన్నాడు. అది మాకు తృప్తి కలిగించింది.

వెళ్ళబోయేవారికి

కొన్ని సూచనలు. ఎండ ముదరక ముందే, ద్వారాలు తెరవగానే ఎక్కడం మొదలుపెట్టాలి. గ్రానైటు శిల పదకొండు దాటితే వేడెక్కి కాళ్ళు నిలువనీయదు. తల్లి చెప్పులు, కొత్త చెప్పులు కాకుండా పట్టు ఉన్న బూట్లు వేసుకోవాలి. నీరు ఎవరిది వారే తీసుకొని పోవాలి. జట్టులో అందరికంటె నెమ్మదిగా నడిచేవారిని ముందుంచాలి. మిగిలినవారు వారి వేగానికి సర్దుకోవాలి. మేము ఇలాగే చేసినందున నలభై ఇద్దరూ కలిసి కొమ్మును చేరారు. వెళ్ళేముందు కోట పటాన్ని తరగతిలో ఒక గంట చదివి పోతే చూచినది మనసులో నిలుస్తుంది. గోడపై ఏదీ వ్రాయరాదు, రాయి ఊడబీకరాదు.

కళాశాల సంఘం పెద్దలకు ఒక విన్నపం. మా జట్టులో పదునెనిమిది మంది విద్యార్థినులు. వారిలో చాలమంది తండ్రులు మొదట సందేహించారు. ఆచార్యురాలు ఒకరు వెంట ఉంటారని, చీకటి పడక మునుపే ఇల్లు చేరుస్తామని మాట ఇచ్చాక అంగీకరించారు. ఆ మాట నిలుపుకొన్నాము. నగరంలోనే పుట్టి పెరిగిన వారిలో పదకొండుగురు ఆనాటివరకు గోలకొండ చూడలేదని తెలిసి ఆశ్చర్యపోయాము. బస్సు బాడుగ తప్ప కళాశాలకు దీనివల్ల అయిన వ్యయం లేదు. ఇటువంటి యాత్రను ప్రతి సంవత్సరం పాఠ్య కార్యక్రమంలో ఒక భాగంగా ఆమోదించవలసినదిగా ప్రార్థిస్తున్నాము. పాఠ్యపుస్తకంలో గోలకొండ పతనం నాలుగు పంక్తులు. ఆ నాలుగు పంక్తులు చదివి మార్కులు తెచ్చుకోవచ్చు. ఎవరి పక్షం అని అడగాలన్న ఆలోచన మాత్రం ఆ నాలుగు పంక్తులలో పుట్టదు.

బారాదరి మీది నుండి చూస్తే ఈనాడు ఒకవైపు కుతుబ్ షాహీ గుమ్మటాలు, మరొకవైపు ఆకాశాన్నంటే అద్దాల మేడలు. ప్రాకారానికి లోపలా వెలుపలా కిక్కిరిసిన ఇండ్లు. 2010లో ఈ కట్టడాలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. 2014 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం తన మొదటి స్వాతంత్ర్య దినోత్సవాన్ని ఈ కోటలోనే జరిపింది. ఒకనాడు ఒక తలుపు తెరచినందుకు పడిపోయిన కోట ఇది. ఇప్పుడు దాని తలుపులు అందరికీ తెరచి ఉన్నాయి. గోడలకు చెట్లు మొలిచి రాళ్ళు జారుతున్నచోట్లు మాకు చాల కనబడ్డాయి. కాపలా కాయవలసిన వంతు ఇప్పుడు చూడవచ్చినవారిది. వచ్చే సంవత్సరం వెళ్ళబోయే విద్యార్థులు ఒక సంచి తీసుకొని పోయి, దిగేటప్పుడు దారిలో కనబడిన కాగితాలను, సీసాలను ఏరుకొని రావలసిందిగా కోరుతున్నాము. మేము నాలుగు సంచులు నింపుకొని వచ్చాము. ఇంకా చాల మిగిలి ఉన్నాయి.